పొద్దున బిళ్ళ పనిచెయ్యట్లేదు, రాత్రి బిళ్ళ బ్రహ్మాండం... ఏది ఆపాలి?

విజయవాడ పటమట నుంచి ఒకాయన అడిగిన ప్రశ్న ఇది. చాలా పెద్దగా రాశారు, కుదిస్తే ఇదీ సంగతి. అమ్మకి 56 ఏళ్ళు, మూడు నెలల్నించీ గుండెదడ, ఊరికే భయం, తెల్లారగట్ట మూడింటికే మెలకువ వచ్చేసి మళ్ళీ నిద్ర పట్టకపోవడం. ఈసీజీ, ఎకో, థైరాయిడ్ అన్నీ చేయించారు, నార్మలే. చివరికి సూర్యారావుపేటలో ఒక సైకియాట్రిస్ట్ పొద్దున టిఫిన్ తర్వాత ఎస్సిటలోప్రామ్, రాత్రి పడుకునే ముందు క్లోనజెపామ్ రాశారు. రాత్రిది వేసుకుంటే అరగంటలో హాయిగా నిద్ర. పొద్దునది పది రోజులైనా ఉలుకూ పలుకూ లేదు, పైగా కడుపులో తిప్పుడు. "పొద్దునది ఆపేసి రాత్రిదే కంటిన్యూ చేద్దామనుకుంటున్నాం, ఏమంటారు? వాంతుల బిళ్ళ ఏదన్నా షాపులో తెచ్చి ఇవ్వొచ్చా? అసలివి మెదడులో ఏం చేస్తాయి, అలవాటైపోతాయా? అమ్మకి కాఫీ పిచ్చి, మానిపించాలా?" అని.

మీరనుకుంటున్నది సరిగ్గా తలకిందులుగా ఉందండి. జబ్బుకి మందు పొద్దున బిళ్ళే. అది పని మొదలుపెట్టేదాకా ఓ రెండు నుంచి నాలుగు వారాలు ఎలాగోలా గడవాలి కాబట్టి రాత్రి బిళ్ళ తోడు ఇచ్చారు. ముందు ఆగిపోవాల్సింది రాత్రిది, అది కూడా మీ డాక్టరు చెప్పినప్పుడు, చెప్పినట్టు. పొద్దునది ఈ పదో రోజున ఆపేస్తే ఇబ్బందంతా పడి ఫలితం చూడకుండా మానేసినట్టు అవుతుంది.

నేను గుంటూరులో సైకియాట్రీ ప్రాక్టీసు చేస్తాను. మీ అమ్మగారిని నేను చూడలేదు కాబట్టి డోసుల జోలికి పోను, ఏ మందు ఎందుకలా ప్రవర్తిస్తుందో మటుకు చెప్తాను. మా ఓపీలో ప్రతివారం ఎవరో ఒకరు ఇదే ప్రశ్నతో వస్తారు, కొంతమంది అడగను కూడా అడగరు, పొద్దునది ఇంట్లో చెత్తబుట్టలో వేసేసి రాత్రిది మాత్రం ఆర్నెల్లు వాడి అప్పుడొస్తారు.

ముందు మెదడు సంగతి. మన తలలో సుమారు 8,600 కోట్ల నాడీకణాలు ఉంటాయి, అవి చాలావరకు ఒకదాన్నొకటి తాకి ఉండవు, మధ్యలో సన్నటి సందు ఉంటుంది, 20 నానోమీటర్ల చిల్లర, అంటే మిల్లీమీటర్ని యాభై వేల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్కంత. కణం లోపల సందేశం కరెంటు రూపంలో పోతుంది, సందు దగ్గరకొచ్చేసరికి ఆ కరెంటు దూకలేదు, అందుకని ఆ చివర ఒక రసాయనం బయటికి వస్తుంది, అది అవతలి కణం మీదున్న ప్రొటీనుకి అతుక్కుంటుంది. ఆ ప్రొటీనే రిసెప్టర్. ఇదంతా ఇప్పుడు ఇంటర్ పిల్లలు కూడా చదువుతున్నారు గానీ వందేళ్ళ కింద దీని మీద పెద్ద గొడవ. 1921లో ఆస్ట్రియాలో ఒట్టో లోవీ అనే ఆయన రెండు కప్పల గుండెలు తీసుకుని, ఒకదాని వేగస్ నరానికి కరెంటు పెట్టి గుండె నెమ్మదించేట్టు చేసి, దాని చుట్టూ ఉన్న ఉప్పు ద్రావణం తీసి రెండో గుండెకి పెట్టాడు. రెండోదానికి నరం జోలికే పోలేదు, అయినా అదీ నెమ్మదించింది. అంటే నీళ్ళలోకి ఏదో వచ్చి చేరింది. ఆ ఏదోనే ఎసిటైల్‌కోలిన్, దానికి 1936లో నోబెల్ కూడా వచ్చింది.

ఇక్కడ చాలామంది పట్టించుకోని విషయం ఒకటుంది. రసాయనానికి సొంత స్వభావం అంటూ ఏమీ లేదు, అది ఏం చేస్తుందన్నది రిసెప్టర్ని బట్టి ఉంటుంది. ఇదే ఎసిటైల్‌కోలిన్ గుండె దగ్గర వేగం తగ్గిస్తుంది, అదే చేతి కండరం దగ్గర కండని బిగిస్తుంది, నోట్లో లాలాజలం ఊరిస్తుంది. యూట్యూబులో "సెరటోనిన్ అంటే హ్యాపీ హార్మోన్, డోపమిన్ అంటే మజా హార్మోన్" అని చెప్పేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండేది ఇందుకే. సెరటోనిన్‌కి ఒక్కదానికే 14 రకాల రిసెప్టర్లు ఉన్నాయండి, ఒకటి నిద్రకి, ఇంకోటి ఆకలికి, మరోటి వాంతికి, ఏది ఎక్కడుందన్నదే అసలు కథ.

రిసెప్టర్లలో స్థూలంగా రెండు జాతులు. ఒకటి తలుపు లాంటిది కాదు, నిజంగానే తలుపు, రసాయనం తగలగానే మధ్యలో దారి తెరుచుకుని ఉప్పు అయాన్లు లోపలికో బయటికో పోతాయి, అంతా మిల్లీసెకన్లలో అయిపోతుంది. రెండోది తను తెరుచుకోదు, కణం లోపల ఇంకో ప్రొటీన్ని లేపుతుంది, అది ఇంకోదాన్ని, అలా గొలుసుగా పోతుంది, నిదానం, కానీ ప్రభావం ఎక్కువసేపు ఉంటుంది. మీ రాత్రి బిళ్ళ మొదటి జాతి మీద పనిచేస్తుంది. పొద్దున బిళ్ళ నేరుగా ఏ రిసెప్టర్ మీదా పనిచెయ్యదు, రిసెప్టర్ దగ్గర తిరిగే సెరటోనిన్ మోతాదు మారుస్తుంది.

మందు ఈ వ్యవహారంలో ఎన్ని రకాలుగా వేలుపెట్టగలదో మా జిల్లాలో పెరిగిన ఏ డాక్టరుకైనా పుస్తకం చదవక్కర్లేకుండా తెలుస్తుంది, పురుగుమందు కేసులు చూస్తే చాలు. పత్తికో మిర్చికో మందు కొట్టే సీజన్లో ముక్కుకి గుడ్డ కట్టుకోకుండా, గాలికి ఎదురుగా నడుస్తూ స్ప్రే చేసిన కుర్రాణ్ణి తీసుకొస్తారు. కంటిపాప సూదిమొనంత అయిపోయి ఉంటుంది, నోట్లోంచి చొంగ, చొక్కా పిండితే నీళ్ళొచ్చేంత చెమట, ఛాతీ మీద స్టెత్ పెడితే గురగుర, తొడ కండరాలు వాటంతటవే అదురుతూ ఉంటాయి. ఆర్గానోఫాస్ఫరస్ మందులు ఎసిటైల్‌కోలిన్ని విరగ్గొట్టే ఎంజైముని కట్టేస్తాయి. రసాయనం పోకుండా పేరుకుపోతుంది, శరీరంలో దాని రిసెప్టర్ ఎక్కడెక్కడుందో అక్కడల్లా ఒకేసారి మోత. అప్పుడు అట్రోపిన్ ఇస్తాం, అది రిసెప్టర్లలో ఒక రకాన్ని, మస్కరినిక్ అంటాం, దాన్ని మూసి కూర్చుంటుంది. ఊపిరితిత్తుల్లో నీరు ఆరిపోతుంది, గుండె వేగం పెరుగుతుంది. కానీ కండరం దగ్గరుండే రిసెప్టర్ వేరే రకం, నికోటినిక్, దాని మీద అట్రోపిన్ పనిచెయ్యదు, అందుకే చొంగ ఆగిపోయిన తర్వాత కూడా ఊపిరి పీల్చే కండలు నీరసపడి వెంటిలేటర్ మీద పెట్టాల్సొస్తుంది, బంధువులకేమో "తేరుకున్నాడు కదండీ, మళ్ళీ గొట్టం ఎందుకు" అని అనుమానం.

ఇంకా ఉంది. అట్రోపిన్ కాస్త ఎక్కువైతే అదే కుర్రాడు దుప్పటి పీకడం, గాల్లో ఏదో ఏరుతున్నట్టు వేళ్ళాడించడం, లేనివాళ్ళతో మాట్లాడ్డం మొదలుపెడతాడు. పిచ్చెక్కిందని మమ్మల్ని పిలుస్తారు వార్డుకి. పిచ్చి కాదు, మెదడులో ఉన్న మస్కరినిక్ రిసెప్టర్లు కూడా మూతపడ్డాయి, డోసు తగ్గిస్తే దిగిపోతుంది. పెద్దవయసు వాళ్ళకి జలుబు బిళ్ళలు, దగ్గు సిరప్పులు కొన్నిటితో మతిమరుపు, తికమక వచ్చేది కూడా ఇదే దారిలో, కాకపోతే చిన్న మోతాదులో.

సరే, రాత్రి బిళ్ళ. మెదడులో "ఆగు" అని చెప్పే రసాయనాల్లో ముఖ్యమైనది గాబా. గాబా రిసెప్టర్ తెరుచుకుంటే క్లోరైడ్ లోపలికి వెళ్ళి ఆ కణం తొందరగా ఉద్రేకపడకుండా ఉంటుంది. క్లోనజెపామ్, ఆల్ప్రజోలామ్, డయాజెపామ్ అన్నీ ఒకే కుటుంబం, బెంజోడయజెపైన్లు. ఇవి గాబా కూర్చునే చోట కూర్చోవు, అదే రిసెప్టర్ మీద పక్కన ఇంకో చోట కూర్చుని, గాబా వచ్చినప్పుడు అది మామూలుకంటే ఎక్కువసార్లు తెరుచుకునేట్టు చేస్తాయి. గాబా లేకపోతే వీటికై ఇవి తెరవలేవు. పాతకాలం నిద్రమాత్రలు, గార్డినాల్ జాతివి, ఎక్కువ డోసులో గాబాతో పని లేకుండానే తెరిచేసేవి, అందుకే వాటితో ఊపిరి ఆగి చనిపోయినవాళ్ళు ఎక్కువ. 1960లో లిబ్రియం, 1963లో వేలియం రావడంతో ఆ భయం చాలా తగ్గింది, అందుకే ప్రపంచమంతా విచ్చలవిడిగా వాడేసింది కూడా. ఒక్క జాగ్రత్త, ఈ బెంజో బిళ్ళల మీద మద్యం తాగినా, నొప్పులకిచ్చే మార్ఫిన్ జాతి బిళ్ళలు కలిసినా మాత్రం ఊపిరి మీదకొస్తుంది, అప్పుడు సేఫ్ అనే మాట లేదు.

అరగంటలో ఎందుకు పనిచేస్తుందో తెలిసిపోయింది కదా, రిసెప్టర్ తలుపు జాతి, బిళ్ళ రక్తంలో కలిసి మెదడుకి చేరడమే ఆలస్యం. మరి ఆర్నెల్లు వేసుకుంటే ఏమవుతుంది? ఇక్కడే మెదడు తెలివి చూపిస్తుంది. ఏ రిసెప్టర్ని అయినా రోజూ నొక్కుతుంటే కణం దానికి తగ్గట్టు సర్దుకుంటుంది. కొన్ని రిసెప్టర్లు మొద్దుబారతాయి, కొన్నిటి తీరే మారిపోతుంది, అవతల పక్క "పద పద" అని తోసే గ్లూటమేట్ అనే రసాయనం వైపు బలం పెరుగుతుంది. ఈ సర్దుబాటుని మనం గుంటూరులో రోజూ అన్నంలో కలుపుకు తింటున్నామండీ. కారంలో ఉండే క్యాప్సైసిన్ నాలుక మీద టీఆర్‌పీవీ1 అనే రిసెప్టర్ని తెరుస్తుంది, అది అసలు 43 డిగ్రీల పైన వేడి తగిలితే తెరుచుకునే రిసెప్టర్, అందుకే కారం తింటే చల్లటి పచ్చడి కూడా మంట పెడుతుంది. పదే పదే తగిలితే అది మొద్దుబారుతుంది, హైదరాబాద్ నుంచొచ్చిన అల్లుడు నీళ్ళు తాగుతుంటే మనం ఇంకో ముద్ద కలుపుకుంటాం. ఆ రిసెప్టర్ని పట్టుకున్నందుకే డేవిడ్ జూలియస్‌కి 2021లో నోబెల్.

కారం విషయంలో ఈ అలవాటు మంచిదే. గాబా విషయంలో మాత్రం కాదు. రోజూ బయటినుంచి బ్రేకు వేస్తుంటే మెదడు తన సొంత బ్రేకు వదులు చేసుకుంటుంది. బిళ్ళ ఉన్నన్నాళ్ళు ఏమీ తెలీదు. హఠాత్తుగా ఆపిన రోజున వదులైన బ్రేకు ఒక పక్క, బలిసిన యాక్సిలరేటర్ ఒక పక్క. నిద్ర అస్సలు పట్టదు, చేతులు వణుకు, చెమటలు, కొంతమందికి ఫిట్సు. తెలంగాణ వైపు కల్తీ కల్లులో ఆల్ప్రజోలామ్, డయాజెపామ్ కలిపి అమ్మేవాళ్ళు, దుకాణాలు మూయించిన వారంలో తాగేవాళ్ళు ఆస్పత్రుల్లో బారులు తీరింది ఇందుకే, విషం ఎక్కి కాదు, అందక. సారా తాగేవాళ్ళదీ అదే లెక్క. బైకు మీంచి పడి కాలు విరిగి ఆర్థో వార్డులో చేరినాయన మూడో రోజు రాత్రి గోడ మీద చీమలు పాకుతున్నాయని లేచి కట్టుతో సహా పరిగెత్తబోతాడు, ఇంట్లోవాళ్ళేమో దెబ్బ తలకి కూడా తగిలిందేమో అనుకుంటారు. తలకేం కాలేదు, మూడు రోజుల్నించి మందు లేదు, అంతే. ఆయనకి మేమిచ్చేది ఈ బెంజో కుటుంబం మందే, ఎక్కువ డోసుతో మొదలుపెట్టి రోజురోజుకీ తగ్గిస్తూ.

కాబట్టి మీ "అలవాటు పడుతుందా" అన్నదానికి జవాబు, రాత్రి బిళ్ళకి పడుతుంది, రెండు నుంచి నాలుగు వారాల్లోపు ఉంటే పెద్దగా భయం లేదు, నెలల్లోకి వెళ్తే భయమే. ఇప్పటికే నెలల తరబడి వాడుతున్నవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే మాత్రం రేపట్నుంచి మానేద్దాం అని పౌరుషానికి పోకండి, డాక్టరు దగ్గర కూర్చుని మెల్లగా, వారాల్లో, ఒక్కోసారి నెలల్లో దించాలి. ఇంకో చిక్కు చెప్తాను. మన దేశంలో ఈ రెండు మందులూ కలిపి ఒకే బిళ్ళగా కూడా అమ్ముతారు, పేరు పక్కన ప్లస్ అనో ఇంకేదో తోక ఉంటుంది. నాకు ఆ కలగలుపు బిళ్ళలంటే మొదట్నించీ పడదు. ఉండాల్సింది ఉంచి ఆపాల్సింది ఆపుదామంటే కుదరదు, బిళ్ళ సగం విరిస్తే రెండూ సగమవుతాయి. మీవాళ్ళకి విడివిడిగా రాశారు, ఆ డాక్టరు గారికి నా తరఫున దణ్ణం.

మీ షాపాయన చీటీ అడక్కుండా ఇస్తున్నాడన్నారు, క్లోనజెపామ్ డాక్టరు చీటీ చూసి మాత్రమే ఇవ్వాల్సిన మందండీ. మనకి తెలిసినాయనే కదా అని తెచ్చుకోవడమే చాలామందికి ఆర్నెల్ల అలవాటుకి మొదలు.

ఇంక పొద్దున బిళ్ళ. సెరటోనిన్ తయారుచేసే కణాలు మెదడు అడుగున, కాండం అనే భాగంలో ఉంటాయి, సంఖ్యలో తక్కువే గానీ తీగలు మెదడంతా పాకి ఉంటాయి. సందులోకి వదిలిన సెరటోనిన్ని మళ్ళీ వెనక్కి పీల్చుకునే పంపు ఒకటుంటుంది. ఎస్సిటలోప్రామ్ ఆ పంపుని మూస్తుంది. ఈ మూత పడడానికి వారాలేం పట్టదు, గంటల్లో పడిపోతుంది, మామూలు డోసులో దాదాపు 80 శాతం పంపులు మూతపడతాయని స్కానుల్లో చూశారు. మరి సెరటోనిన్ మొదటిరోజే పెరగాలి కదా, మనసు మొదటిరోజే తేలికపడాలి కదా?

పడదు, ఎందుకంటే ఆ సెరటోనిన్ కణాల ఒంటి మీదే కొన్ని రిసెప్టర్లు ఉంటాయి, వాటి పని కాపలా. మీ డాబా మీద నీళ్ళ ట్యాంకులో మోటారుకి ఆటోమేటిక్ కట్టాఫ్ పెట్టుంటారు చూడండి, నీళ్ళు ఒక మట్టం దాటగానే మోటారు ఆగిపోతుంది, అలాగన్నమాట. పంపు మూసేసరికి చుట్టూ సెరటోనిన్ పెరిగింది, కాపలా రిసెప్టర్ అది చూసి "చాలు" అని ఆ కణం వేగమే తగ్గించేసింది. ఒక చేత్తో ఇచ్చింది ఇంకో చేత్తో పోయింది. ఇలా రెండు మూడు వారాలు సెరటోనిన్ ఎక్కువలో ఉండి ఉండి ఆ కాపలా రిసెప్టర్ మొద్దుబారుతుంది, కణం మళ్ళీ మామూలు వేగానికి వస్తుంది, పంపు మాత్రం ఇంకా మూసే ఉంది, అప్పుడు అవతలి కణాల దగ్గర అసలు మార్పు మొదలవుతుంది. దాని వెనక కణాల మధ్య కొత్త అతుకులు పడడం వగైరా ఇంకా నిదానమైన పనులున్నాయి. మా వాళ్ళలో ఎక్కువమంది ఒప్పుకునే వివరణ ఇది, పూర్తి కథ ఇంతేనని నేను బల్లగుద్ది చెప్పను.

గమనించారా, రెండు బిళ్ళల విషయంలోనూ మెదడు చేసేది ఒకటే పని, సర్దుకోవడం. రాత్రి బిళ్ళ మెదడు సర్దుకోకముందు పనిచేసి, సర్దుకున్నాక నీరసపడుతుంది. పొద్దున బిళ్ళ మెదడు సర్దుకున్నాకే పని మొదలుపెడుతుంది. పదో రోజున రెంటినీ పక్కపక్కన పెట్టి పోలిస్తే పొద్దునది ఓడిపోవడం ఖాయం. మూడో నెల్లో పోల్చి చూడండి.

ఈ సందర్భంలో ఒక మాట. "సెరటోనిన్ తక్కువైంది, అందుకే డిప్రెషన్, బిళ్ళతో నింపుతున్నాం" అని చెప్పేవాళ్ళుంటారు, రోగికి తేలిగ్గా అర్థమవుతుందని మా డాక్టర్లే చెప్పారు చాలాకాలం. అలా తక్కువైందనడానికి నిలకడైన ఆధారం దొరకలేదని 2022లో ఒక పెద్ద సమీక్ష వచ్చింది, పేపర్లలో గోల గోల అయింది, నా దగ్గరికి కటింగులు పట్టుకొచ్చినవాళ్ళు కూడా ఉన్నారు, "అయితే మాకు ఉత్తుత్తి మందు ఇస్తున్నారా" అని. అది వేరు, ఇది వేరు. జ్వరానికి పారాసిటమాల్ వేస్తే తగ్గుతుంది, ఒంట్లో పారాసిటమాల్ తక్కువై జ్వరం రాలేదు కదా. మందు పనిచేస్తుందా అన్నది పరీక్షల్లో తేలే విషయం, ఎస్సిటలోప్రామ్ ఆందోళనకి పనిచేస్తుందని వాటిల్లోనే తేలింది, అందరికీ కాదు, చాలామందికి.

వికారం ఎందుకంటే, ఒంట్లో ఉన్న సెరటోనిన్లో సుమారు 90 శాతం ఉండేది పేగుల్లో, తలలో కాదు. బిళ్ళకి తల ఏదో పొట్ట ఏదో తెలీదు, అక్కడ పంపు కూడా మూస్తుంది. పేగుల దగ్గర వాంతి కబురు పంపే సెరటోనిన్ రిసెప్టర్ ఒకటుంది, అది రేగుతుంది. అదీ మొద్దుబారుతుంది, మామూలుగా వారం పది రోజులు, మహా అయితే రెండు వారాలు. టిఫిన్ తిన్నాకే వెయ్యండి, ఖాళీ కడుపున వద్దు. అప్పటికీ తగ్గకపోతే డోసు సగం చేసి మెల్లగా పెంచే పద్ధతి ఉంది, మీ డాక్టరుకి ఫోన్ చేస్తే చెప్తారు.

వాంతుల బిళ్ళ మాత్రం షాపులో అడిగి తేవద్దు. ఎందుకో కాస్త వివరంగా చెప్పాలి. మెటోక్లోప్రమైడ్ అని వాంతులకి బాగా వాడే మందు ఒకటుంది, అది డోపమిన్ రిసెప్టర్ని మూస్తుంది. వాంతి కేంద్రం దగ్గర మూస్తే వాంతి ఆగుతుంది, మంచిదే, కానీ అదే రిసెప్టర్ కదలికల్ని సర్దే భాగంలో కూడా ఉంది. అక్కడ డోపమిన్ మూతపడితే ఎసిటైల్‌కోలిన్ది పైచెయ్యి అవుతుంది. పొన్నూరు అవతల ఒక ఊరి నుంచి ఇంటర్ చదివే అమ్మాయిని ఆటోలో పడుకోబెట్టి తీసుకొచ్చారు ఒకసారి. మెడ ఎడం పక్కకి మెలితిరిగిపోయి, గుడ్లు పైకి నిలబడి, నాలుక బయటికి. చేతికి అప్పటికే ఎర్ర తాడు, నుదుటన విభూతి, గాలి సోకిందని దారిలో ఎక్కడో ఆగి వచ్చారు. ముందు రోజు వాంతులకి ఏదైనా సూది వేశారా అని అడిగితే వాళ్ళ మేనత్త "మీకెలా తెలుసు?" అంది. ప్రోమెథజైన్ ఇంజెక్షన్ చేశాం, అది ఎసిటైల్‌కోలిన్ రిసెప్టర్ని మూస్తుంది, తూకం మళ్ళీ సమానమైంది, టీ తాగొచ్చేలోపు మెడ తిన్నగా అయింది, ఆ పిల్ల లేచి కూర్చుని చున్నీ సర్దుకుంటోంది. వాళ్ళ నాన్న మాత్రం నాకు ఫీజూ ఇచ్చాడు, తాడు కట్టిన ఆయనకి కొబ్బరికాయా కొట్టాడట. ఈ మెడ తిరగడం కుర్రవయసు వాళ్ళలో ఎక్కువ, పెద్దవాళ్ళలో రోజుల తరబడి వాడితే వణుకు, నడక బిగిసిపోవడం వస్తాయి. మిగతా వాంతుల మందులు, డోంపెరిడోన్, ఆన్‌డాన్‌సెట్రాన్ లాంటివి, ఎస్సిటలోప్రామ్‌తో కలిస్తే గుండె ఈసీజీలో లయకి సంబంధించిన ఒక గడిని సాగదీస్తాయి. ఒక్క డోసుకి ఏమైపోతుందని కాదు, మీ అమ్మగారి ఈసీజీ చూసిన డాక్టరు నిర్ణయించాల్సిన విషయం అది.

పొద్దున బిళ్ళతో గమనించాల్సినవి నా అనుభవంలో ముఖ్యమైనవి చెప్తాను. బీపీ బిళ్ళ వాడుతుంటే దాని పేరు చూడండి, చివర హెచ్ అని తోక ఉంటే సాధారణంగా అందులో నీరు లాగే మందు కలిసి ఉంటుంది, దానికి ఇది తోడైతే వయసు మీదపడ్డవాళ్ళకి రక్తంలో సోడియం పడిపోవచ్చు. నీరసం, తికమక, తూలడం కనిపిస్తే "మానసికం" అని తోసెయ్యకుండా సోడియం టెస్ట్ చేయించాలి. మోకాళ్ళ నొప్పులకి ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ రోజూ మింగే అలవాటుంటే కడుపులో రక్తస్రావం రిస్కు పెరుగుతుంది, డాక్టరుకి చెప్పండి. నొప్పులకి ట్రమడాల్ ఎవరైనా రాస్తే ఫలానా బిళ్ళ వాడుతున్నాం అని ముందే చెప్పాలి, రెండూ కలిస్తే సెరటోనిన్ మరీ ఎక్కువై జ్వరం, వణుకు, బిగుసుకుపోవడం రావచ్చు. మొదటి రెండు వారాల్లో కొంతమందికి ఆందోళన తగ్గకపోగా పెరుగుతుంది, కాలు ఒకచోట నిలవదు. మీ అమ్మగారు "బతకాలని లేదు" లాంటి మాట అంటే మాత్రం అపాయింట్‌మెంట్ తేదీ దాకా ఆగొద్దు, వెంటనే తీసుకెళ్ళండి, రాత్రివేళైతే టెలీ మానస్ 14416కి ఫోన్ చేసినా తెలుగులో మాట్లాడతారు.

రాత్రి బిళ్ళ వేసుకున్న మనిషి అర్ధరాత్రి బాత్రూంకి లేస్తే తూలి పడే అవకాశం ఉంది, దార్లో చిన్న బల్బు వెలిగి ఉండేట్టు చూడండి. 56కి తుంటి విరగదులే అనుకోకండి.

పొద్దున బిళ్ళకి అలవాటు పడడం అంటే, డోసు పెంచమని ఒళ్ళు అడగడం, దాని కోసం వెతుక్కోవడం అలాంటివి ఉండవు. కానీ నెలలు వాడి ఒక్కసారిగా ఆపితే తల తిరగడం, చిరాకు, తలలో కరెంటు చురుక్కుమన్నట్టు అనిపించడం ఉంటాయి, పంపు హఠాత్తుగా తెరుచుకుంటుంది కాబట్టి. దీన్ని కూడా దశలవారీగా దించాలి. తగ్గాక కనీసం ఆర్నెల్ల నుంచి ఏడాది ఉంచుతాం మామూలుగా, తగ్గింది కదా అని రెండో నెల్లో ఆపినవాళ్ళలో చాలామంది మళ్ళీ అదే కుర్చీలో వచ్చి కూర్చుంటారు.

ఇంక కాఫీ. మెదడు పనిచేసినకొద్దీ అడినోసిన్ అనే పదార్థం పేరుకుంటుంది, అది తన రిసెప్టర్ మీద కూర్చుంటే నిద్రమత్తు వస్తుంది. కెఫీన్ ఆ రిసెప్టర్ మీద తను కూర్చుని అడినోసిన్‌కి చోటివ్వదు, అలసట పోదు, తెలియకుండా పోతుందంతే. ఒంట్లోంచి సగం పోవడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది. సాయంత్రం ఆరింటికి తాగిన కాఫీ రాత్రి పదకొండుకి ఇంకా సగం ఉందన్నమాట, పైగా దడ ఉన్న మనిషికి దడ పెంచుతుంది, ఆ దడ జబ్బుదా కాఫీదా అన్నది మాకు తేల్చుకోవడం కష్టం. మొత్తం మానిపించకండి, రోజూ తాగేవాళ్ళకి ఆ రిసెప్టర్లు పెరిగి ఉంటాయి, ఒక్కసారి ఆపితే రెండు రోజులు తలపోటు, ఆ తలపోటుని కూడా పొద్దున బిళ్ళ ఖాతాలో రాసేస్తారు మీరు. పొద్దున ఒకటి ఉంచండి, మధ్యాహ్నం భోజనం తర్వాత ఇంకేమీ వద్దు, టీ కూడా. వచ్చే విజిట్‌కి వెళ్ళినప్పుడు రాత్రి బిళ్ళ ఏ తేదీ నుంచి ఎంతెంత తగ్గించాలో చీటీ మీదే రాయించుకోండి.